కింద మనుషులున్నరు

లారీ ఆత్మకూరు కాలేజీ మైదానంలోకి వచ్చి ఆగాక నూరుద్దీన్ సామాను జోలికి పోలేదు. ముందు నేలను తొక్కి చూశాడు. వేదికకు ఎడమ పక్కన, స్తంభం ఇక్కడ నిలబెట్టాలని కమిటీవాళ్లు సున్నంతో గీసిన చోట మడమతో గట్టిగా తన్నాడు. నిరుడెప్పుడో అక్కడ గుంత తవ్వి పూడ్చినట్టున్నారు. మట్టి మెత్తగా లోపలికి దిగింది.

"పరశురాములూ, గీడ వద్దు. జర అటు జరుపుదాం," అన్నాడు. "అడుగున ఎయ్యనీకి మందం పలకలు తీస్కరా."

"గీత ఈడ్నే గీసిండ్రు గద భాయ్," లారీ మీంచే అడిగాడు పరశురాములు.

"గీసినోడు గీసి పాయె. మోసేది మన స్తంభం గద."

పరశురాములు నవ్వి పలకలు దించాడు. ఇద్దరూ మహబూబ్‌నగర్‌లోని కమలాకర్ సౌండు కంపెనీలో పనిచేస్తారు. నూరుద్దీన్‌ది కొత్తకోట, వయసు నలభై అయిదు దాటింది. పాట బాగా వినిపించిందా లేదా అన్నది అతని పూచీ కాదు. అది మైదానం మధ్యలో మిక్సర్ బల్ల ముందు కూర్చునే శైలజ చూసుకుంటుంది. స్పీకర్లను పైకెత్తడం, అవి పైన ఉన్నంతసేపూ కనిపెట్టుకుని ఉండడం, మళ్లీ క్షేమంగా నేల మీదికి దించడం, ఇదీ అతని పని. వాటి కింద నిలబడి ఎవరు పాడారో, ఏం పాడారో చెప్పమంటే చెప్పలేడు. అతని చెవి ఎప్పుడూ గొలుసు కిర్రుమందా, తాడు సడలిందా అన్న దాని మీదే ఉంటుంది.

అక్కడ మూడు రోజుల జానపద ఉత్సవాలు. ఏప్రిల్ ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. వేదికకు రెండు పక్కలా అల్యూమినియం స్తంభాలు లేపారు. నాలుగు దిక్కులకూ ఇనుప తాళ్లు లాగి, ఒక్కో తాడు కొసకు నీళ్లు నింపిన డ్రమ్ములు కట్టారు. ఆ తర్వాత బాక్సులు. ఒక్కోటి సిమెంటు బస్తా బరువు. నేల మీదే ఒకదానికొకటి పిన్నులతో బిగించి, స్తంభం పైనున్న మోటారు గొలుసుకు తగిలించారు. పరశురాములు పిన్ను దోపితే నూరుద్దీన్ దాన్ని వేళ్లతో గుంజి చూసేవాడు. తను దోపిన పిన్నును పరశురాములు చేత గుంజించేవాడు. ఎవరి పిన్ను వాళ్లే చూసుకోకూడదని అతని పట్టుదల.

"ఎత్తు," అని కేకేసి నూరుద్దీన్ చేతిలోని మీట నొక్కాడు. మోటారు గుర్రుమంది. బాక్సులు మోకాలెత్తు లేచాయి. "ఆగు."

అక్కడ ఆపి చుట్టూ తిరిగాడు. గొలుసు మెలి పడిందేమో చూశాడు. మోటారు మొరాయించినా బరువు కింద పడకుండా పట్టుకునేందుకు విడిగా కట్టే ఇనుప తాడును తడిమాడు. మళ్లీ "ఎత్తు" అన్నాడు. ఎత్తమనేది, ఆగమనేది ఒక్క గొంతే అయ్యుండాలి. రెండో మనిషి నోరు విప్పితే పని ఆపేసేవాడు.

అప్పుడే ఒక ట్రాక్టరు ట్రాలీ మైదానంలోకి వచ్చింది. అందులోంచి ఆడవాళ్లు దిగారు. అందరూ ఒకే తీరు పసుపుపచ్చ చీరలు, ఎర్ర అంచులు. చేతుల్లో కోలాటం కోలలు. వాళ్ల వెంట డోలు మెడకేసుకున్న ముసలాయన, గాలయ్య. ఆడవాళ్లు చుట్టూ చూశారు. ఆ మైదానంలో నీడ ఒక్కచోటే ఉంది. అది పైకి లేస్తున్న బాక్సుల కింది నీడ. నేరుగా వెళ్లి అక్కడే చతికిలబడ్డారు.

నూరుద్దీన్ మెడలోని విజిల్ నోట పెట్టుకుని ఊదాడు. మోటారు ఆగింది.

"అక్కా, లెవ్వుండ్రి. కింద మనుషులుంటె బరువు కదలొద్దు. లెవ్వుండ్రి."

అందరికంటే ముందు కూర్చున్న ఆవిడ తల పైకెత్తి బాక్సుల్ని తీరిగ్గా చూసింది. యాభై దాటి ఉంటాయి. నుదుట రూపాయంత బొట్టు. పేరు సైదమ్మ, ఆ జట్టుకు పెద్ద.

"ఏంది తమ్మీ గది, అరటి గెల లెక్క యాలాడగట్టినవ్?"

"స్పీకర్లక్కా."

"గిన్నా? మా ఊర్ల ఒక్క భోంగ కడ్తె పక్కూరికి ఇనపడ్తది."

"పక్కూరికి ఇనపడ్తది, ఎదురుంగ కూసున్నోని చెవులు పల్గుతయి," అన్నాడు నూరుద్దీన్. "గిది గట్ల గాదు. పైనియి దూరమోళ్లకు, కిందియి దగ్గరోళ్లకు. ముందటున్నోళ్లకు, ఎనకున్నోళ్లకు ఒక్క తీరుగ ఇనపడాలె. అందుకే వంపు తిప్పి కడ్తం."

"మంచిగుంది. మరి నీడకు ఏం కడ్తరు?"

నూరుద్దీన్‌కు నవ్వొచ్చింది. రెండు వైపులా బాక్సులు ఎత్తడం పూర్తయ్యాక, లారీ మీది టార్పాలిన్ తీసి, లారీకీ గోడకూ మధ్య పందిరిలా లాగి కట్టాడు. ఆడవాళ్లు అక్కడికి మారారు. సైదమ్మ సద్ది మూట విప్పి జొన్నరొట్టె మీద ఎర్రకారం పెట్టి ఇద్దరికీ ఇచ్చింది. మూడు రోజులు మిరపకాయలు ఏరే పని మానుకుని వస్తున్నామని, వాళ్ల ఊళ్లో తప్ప బయట ఇంతవరకూ ఎక్కడా ఆడలేదని చెప్పింది.

"మైకుల ఎన్నడన్న పాడినవా అక్కా?" అడిగాడు పరశురాములు.

"యాడ? చేనే మాకు మైకు."

మధ్యాహ్నం వాళ్ల ఆట అన్నారు. ముఖ్య అతిథి రాలేదు. వచ్చాక ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఒకాయన దిగితే ఇంకొకాయన ఎక్కాడు. సైదమ్మ జట్టు వేదిక మెట్ల పక్కన వరుసగా నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడింది. చెమటకు కాటుకలు కారాయి. పొద్దు వాలే వేళకు నిర్వాహకుడు రఘుపతి వాళ్ల దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబుకు రంగు రిబ్బను.

"అమ్మా, ఇయ్యాల టైం అయిపోయింది. రేపు ఫస్టు మీదే," అన్నాడు.

"రేపు ఫస్టు మాదే," అని సైదమ్మ తన వాళ్ల వైపు తిరిగి చెప్పింది. ఆమె గొంతులో కోపం లేదు. కోలల్ని గుడ్డలో చుట్టుకుంది. ట్రాలీ కదులుతుంటే నూరుద్దీన్ వైపు చెయ్యి ఊపింది.

రెండో రోజు అవే చీరలు ఉతికి ఆరేసుకుని వచ్చారు. ఫస్టు అన్నది మూడోది అయింది. అయినా మూడో అంశం నిజంగానే వచ్చింది. రఘుపతి మైకులో వాళ్ల ఊరి పేరు పిలిచాడు. ఆడవాళ్లు ఒకరి కొంగు ఒకరు సర్దుకుంటూ మెట్ల దగ్గరికి చేరారు.

నూరుద్దీన్ అప్పుడు స్తంభం మొదట్లో నిలబడి పడమటి దిక్కు చూస్తున్నాడు. కృష్ణా నది వైపున ఆకాశం ఇటుక రంగులోకి తిరిగింది. వేదిక మీది జెండాలు అంతవరకూ తూగుతున్నవి ఒక్కసారిగా చాచుకున్నాయి. స్తంభం మీద గాలి వేగం చూపే చక్రం కోసం తలెత్తాడు. అది గిర్రున తిరుగుతోంది. చేతిలోని మీటరు చూశాడు. మరుక్షణం విజిల్ ఊదాడు.

"దించాలె. అందరు ఎనకకు జరగుండ్రి. అక్కా, మెట్లు దిగుండ్రి."

రఘుపతి పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నవయ్యా? ప్రోగ్రాం నడుస్తాంది."

"దుమారం వస్తాంది సార్."

"యాడొస్తాంది? నాకు కనపడ్తలేదు."

"కనపడ్డంక దించుడు కాదు సార్."

రఘుపతి కంపెనీ యజమాని కమలాకర్‌కు ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్లో కమలాకర్ గొంతు పలికింది: "నూరు దించమంటె దించుడే సార్. గా విషయంల నేను మాట్లాడ." రెండు వైపులా బాక్సులు మెల్లగా కిందికి వచ్చాయి. వాటి మీద పట్టాలు కప్పి, తాళ్లు బిగించి, అందరూ భవనం వరండాలోకి పోయి నిలబడ్డారు. చూస్తూ ఉన్నారు.

గాలి వచ్చింది. ఒక విసురు. నాలుగు కుర్చీలు బోర్లాపడ్డాయి. కాగితం ప్లేట్లు లేచి కొంతదూరం పరుగెత్తి పడుకున్నాయి. అంతే. మబ్బు ఎటో పోయింది. బడి విడిచిన పిల్లల్లా జెండాలు మళ్లీ కులాసాగా ఊగసాగాయి.

బాక్సులు మళ్లీ ఎత్తి, మళ్లీ పిన్నులు గుంజి చూసి, శైలజ సౌండు సరిచూసే సరికి సాయంత్రమైంది. పట్నం నుంచి వచ్చిన గాయకుల వంతు మొదలైంది. కోలాటం రేపటికి పోయింది.

ట్రాలీ ఎక్కబోతూ సైదమ్మ అతని దగ్గర ఆగింది.

"గాలి రాలేదు గద తమ్మీ."

"రాలేదక్కా."

"వస్తే?"

"వస్తే కింద మీరే ఉందురు."

"మేముంటమనే దించినవ్. దించినవని మేం ఎక్కకపోతిమి," అంది. దెప్పినట్టు లేదు. లెక్క చూస్తే అంతే తేలిందన్నట్టు చెప్పి ట్రాలీ ఎక్కింది.

నూరుద్దీన్ ఆ మాటను చాలాసేపు మోశాడు. మళ్లీ అలాంటి మబ్బు వస్తే మళ్లీ దించుతాడు, అందులో అతనికి సందేహం లేదు. కానీ మెట్ల దగ్గర కొంగులు సర్దుకుంటున్న ఆ చేతులు అతనికి కనిపిస్తూనే ఉన్నాయి.

మూడో రోజు ముగింపు. కోలాటం చిట్టచివర పెట్టారు. ఆ సంగతి ముందుగా ఎవరూ సైదమ్మకు చెప్పలేదు. సన్మానాలయ్యాయి. శాలువాలయ్యాయి. కమిటీలో ఒకాయన వేదికెక్కి కుర్చీలు సరఫరా చేసినవాళ్ల వరకూ అందరికీ ధన్యవాదాలు చెప్పాడు. ముఖ్య అతిథుల కార్లు దుమ్ము లేపుకుంటూ వెళ్లాయి. కార్ల వెనక జనం లేచారు. ఎండ ఇంకా పసుపుపచ్చగానే ఉంది. కుర్చీలవాళ్లు వెనక వరుసల నుంచి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంటూ వస్తున్నారు. కమలాకర్ స్వయంగా కారేసుకుని వచ్చాడు.

"నూరూ, దించు జల్ది. రేపు ఆలేర్ల పెండ్లి. పొద్దుగాల్నే కట్టాలె. లారీ ఇప్పుడె ఎళ్లాలె."

"కోలాటం ఉన్నది సేట్."

"జనమే లేరు, ఎవలకు కోలాటం? రఘుపతి సార్‌తోని మాట్లాడిన."

రఘుపతి అప్పటికే మెట్ల దగ్గర సైదమ్మతో మాట్లాడుతున్నాడు. నూరుద్దీన్‌కు మాటలు వినపడలేదు గానీ, వచ్చే యేడు అన్నట్టు అతను చెయ్యి ముందుకు ఊపడం కనిపించింది. సైదమ్మ విన్నది. తలూపింది. తర్వాత తన వాళ్ల వైపు తిరిగింది.

"వచ్చే యేడట," అంది మామూలు గొంతుతో. "చీరలు కట్టుకుంటిమి, పూలు పెట్టుకుంటిమి. గాలయ్య మామా, నువ్వు డోలు కొట్టు. మేం ఆడుకుంటం, పోతం. ఈళ్ల మైకు ఈళ్ల కాడ్నే ఉండనీ."

వేదికెక్కలేదు వాళ్లు. వేదిక ముందు, రెండు బాక్సుల గెలలకూ నడుమ, అతిథుల సోఫాలు తీసేసిన ఖాళీ జాగాలో గుండ్రంగా నిలబడ్డారు. గాలయ్య డోలు సరిచేసుకుని చిన్నగా మొదలుపెట్టాడు. కోల కోలను తాకింది. సైదమ్మ ఎత్తుకుంది:

నాటేసే చేతులకు గాజులే తాళం
నడుమెత్తి సూస్తేను నల్లమబ్బు మేళం

మిగతావాళ్లు అందుకున్నారు. వలయం కదిలింది. ఎడమ కొసన తిరిగేవాళ్లు సరిగ్గా ఎడమ బాక్సుల కిందినుంచే పోతున్నారు.

నూరుద్దీన్ చేతిలో మోటారు మీట ఉంది. మెడలో విజిల్ ఉంది. ఊదితే వాళ్లు తప్పుకుంటారు. మొదటి రోజు తప్పుకోలేదా? జాగా ఖాళీ చేయించడం కూడా అతని పనే. చేయించాక దించడం అతని పని. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆ రెండింటినీ అతను విడదీసి చూడలేదు. వేలు మీట మీద పెట్టి తలెత్తి చూశాడు. ఇనుప తాడు బిగువుగా ఉంది. గొలుసు నిలకడగా ఉంది. జెండాలు వేలాడుతున్నాయి, గాలి లేదు. కదలని బరువు అది. దాని కింద ఎంతసేపు ఆడినా భయం లేదు. కదిలితేనే ప్రమాదం.

వేలు తీసేశాడు. మీటను పెట్టెలో పెట్టి మూత వేశాడు. విజిల్‌ను చొక్కా లోపలికి జారవిడిచాడు.

"భాయ్," అన్నాడు పరశురాములు అవతలి స్తంభం దగ్గర నుంచి. "దించాల్నా?"

"కింద మనుషులున్నరు," అన్నాడు నూరుద్దీన్.

పరశురాములు అతని ముఖం చూశాడు. తర్వాత చుట్ట చుట్టబోతున్న తాడును నేల మీద వదిలేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నూరుద్దీన్ మిక్సర్ బల్ల దగ్గరికి నడిచాడు. శైలజ తీగలు ఊడదీయడం మొదలుపెట్టి ఆగిపోయింది. ఆమె చూపు కూడా వలయం మీదే ఉంది.

"కరెంటు ఇంక ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది."

"బాక్సులు పైన్నే ఉన్నయి. ఉత్తగ ఎందుకు యాలాడాలె?"

శైలజ ఒక్క నవ్వు నవ్వి రెండు మైకులు తీసుకుని పరుగెత్తింది. ఒకటి గాలయ్య డోలు ముందు, ఒకటి సైదమ్మ ముందు నిలబెట్టింది. వెనక్కి వచ్చి బల్ల మీది మీటలను వేళ్లతో మెల్లగా పైకి జరిపింది.

అప్పుడు కోల కోలను తాకిన చప్పుడు మైదానమంతా విచ్చుకుంది. సైదమ్మ ఉలిక్కిపడి ఒక అడుగు తప్పింది. తన గొంతు తలమీంచి పోయి, కాలేజీ గోడ దాకా వెళ్లి, అక్కడ బస్సు కోసం నిలబడ్డవాళ్లను తాకడం ఆమెకే వినిపించింది. పక్కనున్నామె నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు కూడా మైకులో పడి మైదానమంతా నవ్వింది. సైదమ్మ గొంతు సవరించుకుని, ఈసారి చేను ఆ చివరన ఉన్న మనిషిని పిలిచినట్టు గొంతెత్తింది.

గేటు దాటిన జనం ఆగారు. కొందరు వెనక్కి తిరిగారు. వంటల దగ్గర గిన్నెలు తోముతున్న ఆడవాళ్లు చేతులు దులుపుకుంటూ వచ్చి, కోలలు లేక చప్పట్లతోనే రెండో వలయం కట్టారు. కుర్చీలు దూర్చుకుంటూ వచ్చినవాళ్లు వాటిని మళ్లీ విడదీయాల్సి వచ్చింది. కుర్చీలు చాలక రఘుపతి స్వయంగా రెండు చేతుల్లో నాలుగు మోసుకొచ్చి వేశాడు. ఆఖరి కుర్చీలో తనే కూర్చున్నాడు.

కమలాకర్ మాత్రం స్తంభం దగ్గరికి పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు.

"నూరూ, ఏందిది? దించమంటి గద."

"కింద మనుషులున్నరు సేట్."

"పక్కకు జరుపు మరి. విజిల్ యాడ పోయింది?"

నూరుద్దీన్ చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. కమలాకర్ అతన్ని చూసి, వలయాన్ని చూసి, మళ్లీ అతన్ని చూశాడు. నిన్న ఫోన్‌లో తను రఘుపతితో అన్న మాట ఇప్పుడు తనకే అడ్డం వచ్చి నిలబడిందని అతనికి తెలిసినట్టుంది. పెదవి కొరుక్కున్నాడు. ఇంతలో ఫోన్ మోగింది, ఆలేరు నుంచి. కమలాకర్ ఒక చెవి మూసుకుని గట్టిగా మాట్లాడాడు.

"వస్తం సార్, వస్తం. జర లేటయితది. కింద జనం ఉన్నరు. జనముంటె మేం దించం సార్, మా దగ్గర గట్ల నడవదు. సేఫ్టీ ముఖ్యం." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అతని కుడి పాదం డోలుకు తగ్గట్టు ఆడుతోందని అతనికి తెలియదు.

నూరుద్దీన్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. గొలుసు చప్పుడు చేయలేదు. తాడు సడలలేదు. చెవికి వేరే పనేమీ లేకపోయింది. అప్పుడు పాట వినపడింది. ఎదురుగా కూర్చున్నవాళ్లకూ గోడ దగ్గర నిలబడ్డవాళ్లకూ వినపడుతున్న తీరుగానే, పూర్తిగా, మాట మాటా వినపడింది. వాన కోసం చూసే పాట అది. నడుములు నొచ్చే పాట. మధ్యలో మొగుళ్లను ఎగతాళి చేసే చరణం ఒకటి వచ్చింది. జనం గొల్లుమన్నారు. నూరుద్దీన్ కూడా పగలబడి నవ్వాడు. పరశురాములు అవతలి నుంచి అతన్ని వింతగా చూశాడు.

ఆట ముగిసేసరికి పొద్దు గుంకింది. దీపాలు వెలిగించారు. ఆడవాళ్లు వగరుస్తూ, నవ్వుతూ, ఒకరి భుజాల మీద ఒకరు వాలారు. రఘుపతి మిగిలిన శాలువాలు వెతుక్కొచ్చాడు. అందరికీ చాలవని తెలిసి, ఒకటే సైదమ్మకూ గాలయ్యకూ కలిపి కప్పాడు. దానికీ జనం నవ్వారు.

నూరుద్దీన్ విజిల్ బయటికి తీశాడు. ఆ జాగా చుట్టూ తాడు కట్టాడు.

"ఇగ నిజంగ దించాలె అక్కా. అందరు తాడు అవతలికి."

ఆడవాళ్లు తాడు అవతలికి పోయారు. కానీ ట్రాలీ దగ్గరికి పోలేదు. సైదమ్మ కింద కూర్చుంది. ఆమె పక్కన మిగతావాళ్లు వరుసగా కూర్చున్నారు.

"ఏమయ్యిందక్కా? ఇంటికి పోరా?"

"మా ఆట నువ్వు సూస్తివి," అంది సైదమ్మ కాళ్లు చాపుకుంటూ. "మీ ఆట మేం సూడొద్దా?"

ఈ పని ఎప్పుడూ ఖాళీ మైదానంలో, కుర్చీల చప్పుళ్ల నడుమ, ఎవరూ చూడనప్పుడు జరిగేది. నూరుద్దీన్ టోపీ సర్దుకున్నాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. విజిల్ ఊదాడు.

"దించు."

మోటారు గుర్రుమంది. ఎడమ వైపు గెల మెల్లగా, ఊగకుండా కిందికి జారింది. "ఆగు." చిట్టచివరి బాక్సు చక్రాల బండి మీద ఆనింది. పరశురాములు పిన్నులు తీసి, ఒక్కోటి నూరుద్దీన్‌కు చూపించి డబ్బాలో వేశాడు. బండిని తోసేసి ఇంకో బండి పెట్టాడు. "దించు. ఆగు." అంతమంది చూపులు వీపు మీద ఉన్నాయని నూరుద్దీన్‌కు తెలుస్తూనే ఉంది. చేతులు రోజుకంటే నింపాదిగా కదిలాయి. ఆఖరి బాక్సు నేల చేరింది. గొలుసు వదులైంది. మోటారు ఆగింది.

తర్వాత తాడు అవతల కోల కోలను తాకింది. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ కలిసి టకటకమని మోగాయి. పరశురాములు వేదిక మీది నటుడిలా నడుం వంచి దండం పెట్టాడు. కమలాకర్ కారు దగ్గర నిలబడి చప్పట్లు కొట్టాడు. నూరుద్దీన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్లీ తల మీద పెట్టుకున్నాడు.

"ఇంకో దిక్కుది ఉన్నదక్కా," అన్నాడు, కుడి స్తంభం వైపు నడుస్తూ.

"కానియ్ తమ్మీ," అంది సైదమ్మ, శాలువా మోకాళ్ల మీదికి లాక్కుని. "కూసున్నం."